పసిబిడ్డల తలపై పెచ్చులు

2024వ సంవత్సరము దసరా దినములలో మా తమ్ముని భార్య తన పుట్టినింటి నుండి మాకు టెలిఫోను చేసి, మాటలాడలేక యేడ్చినది. ఆమెకు బిడ్డ పుట్టి అప్పటికి రెండు మాసములు. ప్రసవము సుఖముగా జరిగినది; పిల్లవాడు పాలు త్రాగి హాయిగా నిద్రించుచున్నాడు. మరి దుఃఖమేల యని రెండు మూడు మారులు అడుగగా, "వదినగారూ, బాబు తలనిండ పచ్చని పెచ్చులు కట్టినవి. నేను తిన్న తిండివలననే కట్టినవని అందరును అనుచున్నారు" అని చెప్పినది. మొదట వంకాయ మాన్పించిరట, తరువాత గోంగూర, తరువాత కందిపప్పు, ఆ పిమ్మట పెరుగు. ఇప్పుడు ఆమెకు పెట్టుచున్నది వెల్లుల్లి కారముతో రెండు ముద్దల అన్నము. పాలు తగ్గినవి గాని పెచ్చులు తగ్గలేదని చెప్పి మరల ఏడ్చినది.

సోదరీమణులారా, ఆ పెచ్చులను గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇది ప్రాణము తీయు రోగము కాదు. వైద్యగ్రంథములలో దీనికి దొరకు చోటు స్వల్పము. అయినను దీని మూలమున బాలింతలు పడు నింద స్వల్పము కాదు. ఆ నింద మేమును పడితిమి. దానిని తప్పించుకొనుటకై మేము చేసిన పని అంతకంటె విచారకరమైనది. దానిని దాచి, తక్కినది మాత్రము వ్రాసిన నెవరికిని ఉపయోగము లేదు గనుక, అదియు వ్రాయుచున్నాము.

ముందుగా దాని రూపము. బిడ్డ పుట్టిన రెండు మూడు వారములు మొదలుకొని మూడు మాసముల లోపల సాధారణముగా ఇది కనబడును. మాడుమీదను, నడినెత్తిని, ఒక్కొక్కప్పుడు కనుబొమలలోను చెవుల వెనుకను, జిడ్డుగా, పసుపుపచ్చగా గాని గోధుమవర్ణముగా గాని, చేపపొలుసు వంటి పొరలు కట్టును. ముట్టి చూచిన, చల్లారిన మైనమును ముట్టినట్లుండును. దురద ఉండదు, ఉన్నను మిక్కిలి తక్కువ. నొప్పి లేదు. ఒకరినుండి మఱియొకరికి అంటదు. బిడ్డకు దీని సంగతియే తెలియదు. బాధ యంతయు చూచువారిదే. ఇంగ్లీషువారు దీనిని క్రేడిల్ క్యాప్, అనగా ఉయ్యెల టోపీ యని ముద్దుపేరు పెట్టుకొన్నారు. వైద్యులు సెబోరిక్ డెర్మటైటిస్ అందురు. మనలో కొందరు చుండ్రు అనియు, కొందరు తల అట్టకట్టినదనియు చెప్పుకొందురు.

మా తొలిచూలు ఆడపిల్ల. 2012వ సంవత్సరము కార్తిక మాసమున పుట్టింట ప్రసవించితిమి. పిల్లకు నీళ్లు పోయుటకు ఒక ముసలమ్మ ప్రతి ఉదయము వచ్చెడిది. కాళ్లు చాచి పీటమీద కూర్చుండి, పిల్లను కాళ్లమీద పండుకొనబెట్టుకొని, ఒళ్లంతయు నూనె మర్దించి, నలుగుపెట్టి, వెచ్చని నీళ్లు పోసెడిది. ఆమె చేతిలో ఏడ్చిన పిల్లలు తక్కువ. ఆ నేర్పును తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని మాడు దగ్గరకు వచ్చుసరికి ఆ చేయి ఆగిపోయెడిది. అచ్చట ఎముక లేదు, లోపల కొట్టుకొనుచుండును, వ్రేలు పడినచో ముప్పు అని ఆమె భయము. ఆ భయము ఆమెదే కాదు, మా యింట అందరిదియు. కావున నీళ్లు మాడుమీదుగా జారవిడుచుటయే గాని రుద్దుట లేదు. స్నానమైన తరువాత మాడుకు చెంచాడు ఆముదము అద్ది, పైని సాంబ్రాణి పొగ వేయుట మాత్రము ఒక్కనాడును తప్పలేదు. ఆముదము దినదినము పెట్టుచున్నారు, కడుగువారు లేరు. నిన్నటి ఆముదముమీద నేటి ఆముదము, దానిమీద నలుగుపిండి, దానిమీద పొగమసి చేరుచుండెను. ఈ లెక్క అప్పుడు మాకు తట్టలేదు.

రెండవ మాసమున రూపాయి బిళ్లంత యున్న పెచ్చు మూడవ మాసము వచ్చునప్పటికి నెత్తినంతయు ఆక్రమించినది. చూడవచ్చిన వారిలో "ఏమే అమ్మాయీ, పిల్ల తల కడుగుచున్నావా లేదా?" అని యొకరు; "కడుపుతో నుండగా తిన్న పచ్చి మామిడికాయలు ఊరక పోవునా?" అని యొకరు. మా తల్లిగారు ఏమియు అనలేదు గాని, చుట్టములు వచ్చినప్పుడెల్ల పిల్లకు టోపీ పెట్టుచుండిరి. ఆ టోపీయే మమ్మెక్కువ బాధించినది.

మూడవ మాసమున బిడ్డను అత్తవారింటికి తీసికొని పోవుట మా యింటి ఆచారము. మాఘమాసమున మంచిదినము చూచి కబురు వచ్చినది. అక్కడ పేరంటము, హారతి, వీధిలోని ముత్తైదువలందరును పిల్లను ఎత్తుకొనుట, ఇవన్నియు ఉండును. హారతి వేళ తలమీద టోపీ తీయవలసినదే గదా! ప్రయాణమునకు ముందు రాత్రి అందరును నిద్రించిన పిమ్మట, గడియ వేసికొని, పిల్లను ఒడిలో పెట్టుకొని, పేల దువ్వెనతో ఆ పెచ్చులను గీకితిమి.

మొదటిది పెద్ద ముక్కగా ఊడివచ్చినది. దానితోపాటు ఒక పాయ వెండ్రుకలును వచ్చినవి. క్రింద లేత చర్మము ఎఱ్ఱగా కనబడగా మాకు సంతోషమే కలిగినది. ఆ సంతోషములో మఱి రెండు మూడు చోట్ల గీకితిమి. పిల్ల యేడ్చినది. పాలిచ్చి ఊరడించి, నిద్రపట్టిన తరువాత మరల గీకితిమి. ఇన్నేండ్లకును ఈ వాక్యము వ్రాయునప్పుడు చేయి సాగుట లేదు.

తెల్లవారుసరికి గీకినచోట్ల రక్తము గడ్డకట్టి, రసి కారి, వెండ్రుకలు అంటుకొని యుండెను. ప్రయాణము ఆగినది. రెండవనాటికి చీము పట్టినది, ఒళ్లు కాలసాగినది. మూడు మాసములు నిండని బిడ్డకు జ్వరము వచ్చినచో ఇంటివైద్యము చేయుచు కూర్చుండరాదు. పట్టణమునకు తీసికొనిపోగా, ఆసుపత్రిలో నాలుగు దినములు ఉంచుకొని ఇంజెక్షను లిచ్చిరి. వైద్యురాలు తల చూచి, "ఇది ఎవరు గీకిరి?" అని అడిగినది. మేము నోరు విప్పకమునుపే మా తల్లిగారు, "నీళ్లు పోయు ఆమె యై యుండును" అనిరి. మేము కాదనలేదు.

ఆ ముసలమ్మను మరునాటినుండి రావలదనిరి. మాడుమీద వ్రేలు పెట్టుటకే భయపడిన మనిషి! ఆమె వీధిలో మాకు ఎదురుపడి, "పాప యెట్లున్నదమ్మా?" అని రెండు మారులు అడిగినది. బాగున్నదని చెప్పి తల వంచుకొని వచ్చితిమి. 2016లో రెండవ పురిటికి పోయినప్పుడు మా తల్లిగారితో నిజము చెప్పితిమి గాని, అప్పటికి ఆ ముసలమ్మ చనిపోయి యుండెను.

ఆసుపత్రిలో నున్న మూడవనాడు, జ్వరము దిగిన తరువాత, వైద్యురాలు మా ప్రక్కను కూర్చుండి సావధానముగా చెప్పిన మాటలు మేము మఱువలేదు. ఇది తల్లి మురికితనము వలన వచ్చునది కాదు. తల్లి తిన్న కూరవలన వచ్చునదియు కాదు. గర్భములో నుండగా తల్లి శరీరమునందలి హార్మోనులు మాయ ద్వారా శిశువును చేరును. పుట్టిన తరువాత కొన్ని మాసములు వాని ప్రభావము నిలుచుట వలన, బిడ్డ చర్మమునందలి నూనెగ్రంథులు అవసరమునకు మించి పనిచేయునని వైద్యుల అభిప్రాయము. రాలిపోవలసిన చర్మపు పొరలు ఆ జిడ్డులో చిక్కుకొని, రాలక, ఒకదానిపై నొకటి అతుకుకొని పెచ్చులగును. ఆ ప్రభావము తగ్గినకొలది పెచ్చులును తగ్గును. ఆరు మొదలు పండ్రెండు మాసముల లోపల పెక్కుమంది పిల్లలకు దానంతట అదియే పోవును.

ఇందు మఱియొక పాత్ర కలదు. చర్మపు జిడ్డును తిని బ్రతుకు ఒక సూక్ష్మమైన శిలీంధ్రము మనుష్యులందరి చర్మముపైనను ఉండును. 1874లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ షార్ల్ మలసే చుండ్రు పొట్టులో దానిని గుర్తించి వర్ణించెను. ఆయన పేరిటనే దానికి మలసీజియా యని పేరు వచ్చినది. అది తనకు వలయు క్రొవ్వును తాను తయారు చేసికొనజాలదు. ఇతరుల జిడ్డుపైనే దాని జీవనము. జిడ్డు హెచ్చిన చోట అదియు హెచ్చి, చర్మమును రేపి, పొరలు మఱింత త్వరగా లేచునట్లు చేయును. ఇది తెలిసిన తరువాత మా మాడు ఆముదము మాకు జ్ఞప్తికి వచ్చినది. రెండు మాసములకు పైగా నూనె పెట్టి కడుగక, ఆ యతిథికి మేమే విందు చేసితిమి!

మా నాయనగారి యొద్ద బాల్యమున చదువుకొన్న గ్రంథముల చాదస్తము మమ్ము విడువదు. ఇల్లు చేరిన పిమ్మట సుశ్రుతసంహితను తిరుగవేసితిమి. నిదానస్థానమున క్షుద్రరోగములలో అరూంషిక, దారుణకము అని తలకు సంబంధించినవి కనబడినవి. దారుణకమునకు దురదయు, ఎండుదనమును, చర్మము పగులుటయు లక్షణములు. పెద్దవారి చుండ్రునకు అది సరిపోవునేమో గాని, దురదయే లేని ఈ జిడ్డు పెచ్చునకు కుదరదు. క్షుద్రమనగా చిన్నది. ఆ పేరు మాత్రము దీనికి తగునని తోచినది. దానిని పెద్దది చేసినది మా దువ్వెన.

మాడు సంగతి యొకటి చెప్పవలెను, ఏలన పెచ్చులు దట్టముగా కట్టునది అక్కడనే. మనము కడుగుటకు వెఱచునదియు అక్కడనే. వైద్యురాలు మా వ్రేలు పట్టుకొని పిల్ల మాడుమీద నుంచి మెల్లగా గుండ్రముగా త్రిప్పించినది. మా గుండె ఆగినంత పని యైనది. పుర్రె యెముకలు ఇంకను కలిసికొనక విడిచిన చోటు అది. ఎముక లేకున్నను గట్టి పొర కలదు. వ్రేలి కొనతో మెత్తగా రుద్ది కడుగుటవలన ఎట్టి యపాయమును లేదు. ముందరి మాడు సాధారణముగా పండ్రెండు మొదలు పదునెనిమిది మాసముల లోపల పూడుకొనును; వెనుక నున్న చిన్నది రెండు మూడు మాసములకే పూడును. ఆముదము పెట్టిన త్వరగా గట్టిపడుననుట వట్టి మాట. పెట్టవలెనని పెద్దలకు పట్టుదల యున్నచో పెట్టుకొననిండు, కాని కడిగివేయుడు.

2016లో మా కుమారునకు ఆరవ వారమున అవియే పెచ్చులు వచ్చినవి. అప్పుడు చేసిన పద్ధతి యిది. స్నానమునకు అరగంట గాని ముప్పావు గంట గాని ముందు, పెచ్చులున్న చోట మాత్రము నూనె పలుచగా అద్దుచుంటిమి. నూనె మందు కాదు. ఎండిన అన్నము మెతుకులు పట్టిన గిన్నెను నానవేయుట వంటిది, అంతే. ఆముదము చిక్కనిది, వదలించుట కష్టము. కొబ్బరినూనె మేలు. అంగళ్లలో దొరకు మినరల్ ఆయిలు గాని వాసెలీను గాని ఇంకను మేలు; అవి భూమినుండి తీసిన ఖనిజతైలమునకు సంబంధించినవి గనుక ఆ శిలీంధ్రమునకు ఆహారము కావు. ఆవనూనె లేతచర్మమునకు చెఱుపు చేయును, వలదు.

పెచ్చు నానిన తరువాత, ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కతో గాని, పసిపిల్లలకని అమ్ము మెత్తని బ్రష్షుతో గాని, ఒత్తక, చిన్న చిన్న చుట్లుగా త్రిప్పవలెను. కదలినది వచ్చును, కదలనిదానిని రేపటికి విడువవలెను. ఈ చిన్న మాట ఆచరించుట మిక్కిలి కష్టము. సగము లేచి అంచు పైకి వచ్చిన పెచ్చును చూచి చేయి ఊరకుండదు. మా చేతిని మేము చీరకొంగులో చుట్టుకొన్న దినములు కలవు. పిమ్మట పిల్లల షాంపూ కొలదిగా వేసి, నూనె యంతయు పోవువరకు, కన్నులలో పడకుండ గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టవలెను. నలుగుపిండి గరుకు; దాని రేణువులు పెచ్చులో ఇరుకుకొనును గనుక తలకు మానివేసితిమి. మొదట దినము విడిచి దినము, తగ్గిన తరువాత వారమునకు రెండు మారులు చేసితిమి. మూడు వారములలో తల తేటపడినది. పెచ్చులతోపాటు కొన్ని వెండ్రుకలు ఊడినవి, అవి మరల మొలచినవి. ఏమియు చేయకున్నను కొన్ని మాసములకు పోవునదే, కాని చూచుచు ఊరకుండుట అందరికిని సాధ్యము కాదు గదా.

మన యిండ్లలో కొబ్బరినూనెలో కర్పూరము కలిపి చుండ్రునకు రాయుదురు. పెద్దవారి మాట యెట్లున్నను, పసిబిడ్డ ఒంటికి కర్పూరము సోకనీయరాదు. అది చర్మముగుండ లోనికి ఇంకి మూర్ఛలు తెప్పింపగలదు. నిమ్మరసము చర్మమును మండించును. పెద్దల చుండ్రునకై అమ్ము మందులలో సాలిసిలిక్ ఆమ్లము కలిసినవి కలవు. అవియు పసివారికి వాడరాదు. తలుపులు మూసి వేయు సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. పెచ్చునకు దానివలన ఒరుగున దేమియు లేదు.

వైద్యునికి చూపవలసిన సందర్భములు కలవు. పెచ్చుల క్రింద ఎఱ్ఱబడి రసి గాని చీము గాని కారినను, దుర్వాసన కొట్టినను, మొగమునకు, మెడ మడతలకు, చంకలకు, తొడల సందులకు ప్రాకినను, బిడ్డ దురదచే నిద్ర లేక యున్నను ఆలస్యము చేయరాదు. దురద గట్టిగా నున్నచో అది వేఱొక చర్మవ్యాధి యై యుండవచ్చును. ఒళ్లంతయు ఎఱ్ఱబడి పొట్టు రాలుచు, విరేచనములగుచు, బిడ్డ బరువు పెరుగకున్నచో అది మఱింత గట్టి సంగతి. ఏడాది దాటినను తగ్గనిచో అప్పుడును చూపవలెను. అట్టివారికి వైద్యులు కిటోకోనజోల్ కలిసిన మందు గాని, కొలది దినములకు తేలికపాటి స్టెరాయిడు లేపనము గాని వ్రాయుదురు. వారు చెప్పకుండ అంగడినుండి తెచ్చి రాయకుడు. ఇరుగుపొరుగువారి బిడ్డకు పనిచేసిన గొట్టము మన బిడ్డకును పనిచేయునని లేదు.

ఇక మా పెద్దపిల్ల సంగతి. పుండ్లు మానినవి. నాలుగవ మాసము సరిసంఖ్య యని ఆగి, అయిదవ మాసమున, 2013 ఉగాది వెళ్లిన తరువాత అత్తవారింటికి పోయితిమి. అప్పటికి తలమీద ఒక్క పెచ్చు లేదు. మేము గీకని చోట్లనుండియు అవి వాటంతట అవియే రాలిపోయినవి. మాఘమాసమున అంత సిగ్గుపడితిమే, మా అత్తగారు చేసిన దేమనగా, టోపీ తీసి, తల నిమిరి, "మీ ఆయనకును ఇట్లే కట్టినవి, ఏడాదికి పోయినవి" అనిరి. ఆ ఒక్క మాట మూడు మాసములు ముందుగా మా చెవిని పడిన నెంత బాగుండెడిది! పిల్ల కుడి చెవికి పైని ఒక గాటు మాత్రము ఇప్పటికిని కలదు. జడ వేయునప్పుడు మా వ్రేలికి తగులును.

టెలిఫోనులో మా తమ్ముని భార్యతో ఈ కథ యంతయు చెప్పితిమి, ముసలమ్మ సంగతితో సహా. తరువాత ఆమె తల్లిగారిని పిలిపించి, "అమ్మా, నీళ్లు పోసి చెట్టును బ్రతికించుకొనవలసిన వారు చెట్టునకు పథ్యము పెట్టుచున్నారు. పిల్లవాని తల కడుగుడు, మీ పిల్లకు అన్నము పెట్టుడు" అని కొంత కఠినముగానే పలికితిమి. ఆమె నొచ్చుకొన్నది. వారము దినములు మాకు కబురు లేదు.

కార్తికమాసమున చూడబోయితిమి. మేము లోనికి పోవునప్పటికి మా తమ్ముని భార్య పీటమీద కూర్చుండి గోంగూర పచ్చడి కలుపుకొనుచుండెను. తల్లి ప్రక్కను నిలిచి నెయ్యి వడ్డించుచుండెను. పిల్లవాడు చాపమీద కాళ్లు కొట్టుకొనుచున్నాడు. తల తేటపడినది. కనుబొమలలో రెండు పొలుసులు మాత్రము మిగిలియుండెను. వానిని ఎవరును ముట్టుకొనలేదు.